గ్రిల్లు వెనక అర్జెంటు

ఆవిడను వీధిలో మా అమ్మమ్మ పిలిచినప్పుడల్లా దారిన పోయేవారు ఒక్క క్షణం ఆగి చూసేవారు. "అర్జెంటూ, మెల్లగా రావే, తొందరేం లేదు" అన్న మాట వింటే ఎవరికైనా తల తిప్పి చూడాలనిపిస్తుంది. ఆ పిలుపుకు పలికే మనిషికి డెబ్భై నాలుగేళ్లు. రెండు మోకాళ్లలో ఏది ముందు కదలాలో అవి తమలో తాము తేల్చుకునేదాకా ఓపిగ్గా ఆగి, ఆ తర్వాత ఒక అడుగు వేసేది.

ఆ పేరు ఆవిడకు పందొమ్మిదో ఏట, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన కొత్తలో వచ్చింది. అప్పట్లో దూరపు ఊరికి మాట్లాడాలంటే ఫోన్ కాలు బుక్ చేసుకుని గంటల తరబడి కాచుకోవాలి. మామూలు కాలుకు ఒక వరుస, అర్జెంటు కాలుకు ఇంకొక వరుస. ఈ కొత్త పిల్ల మాత్రం, అవతలి గొంతులో కాస్త వణుకు వినిపిస్తే చాలు, ఆ మామూలు కాలును తీసుకెళ్లి అర్జెంటు వరుసలో కలిపేసేది. సూపర్‌వైజరు మూడుసార్లు సంజాయిషీ అడిగారు. మూడుసార్లూ ఒకే జవాబు రాసిచ్చింది: "గొంతు విని చేశాను." నాలుగోసారి ఆయన సంజాయిషీ అడగడం మానేసి పేరు పెట్టారు.

ఆ ఎక్స్ఛేంజిలో ఒక కట్టుబాటు ఉండేది. తీగలు కలిపే బోర్డు ముందు కూర్చున్నవారి అసలు పేరు ఆ గదిలో ఎవరూ పలకకూడదు. తీగకు అవతల ఉన్నవాడి చెవిన ఒక ఆడపిల్ల పేరు పడిందంటే, మర్నాటి నుంచి ఆ పేరు అడిగి మరీ కాలు చేయడం, డ్యూటీ దిగే వేళకు గేటు దగ్గర కాపు కాయడం జరిగేదట. అందుకని పేర్లకు బదులు సీటు నంబర్లు ఇచ్చారు. నంబర్లతో పిలుచుకోవడం ఖైదీల్లా ఉందని ఆడపిల్లలే ఒకరికొకరు పేర్లు పెట్టుకున్నారు. మా అమ్మమ్మ "మూడు నిమిషాలు". ట్రంకు కాలు, అంటే దూరపు ఊరి కాలు, గడువు మూడు నిమిషాలు. గడువు కాగానే సంభాషణ మధ్యలో దూరి "మూడు నిమిషాలు పూర్తయ్యాయి, పొడిగించమంటారా" అని అడగడం ఆపరేటరు విధి. ఆ విధిని అందరికంటే కటువుగా నిర్వర్తించే మా అమ్మమ్మ తన సొంత సంభాషణ దేన్నీ అరగంటకు తక్కువలో ముగించిన దాఖలా లేదు. లైన్‌మన్‌గా పనిచేసిన ఆయన "స్తంభం". ఆరడుగుల మనిషి, పగటిలో సగం స్తంభాల మీదే గడిపేవారు. ఇప్పుడు నడుము ముందుకు వంగిపోయి, నేల మీద జారవిడుచుకున్నదేదో వెతుకుతున్నట్టు నడుస్తారు. అయినా స్తంభమే.

జీతాల రిజిస్టరులోనో, ఒక పెళ్లి కార్డు మీదో ఈ ముగ్గురూ ఒకరి అసలు పేరు ఒకరు చూసే ఉంటారు. చూసిన పేరు వేరు, పిలిచిన పేరు వేరు. నలభై ఏళ్లకు పైగా పిలవని పేరు ఎవరికీ గుర్తుండదు.

ఎక్స్ఛేంజి భవనం ఇప్పుడు పరుపుల దుకాణం. దాని ముందున్న రాతి బెంచీ మాత్రం పాతదే. పదిహేనేళ్లుగా ఉదయం పదింటికి ముగ్గురూ ఆ బెంచీ మీద కలుస్తున్నారు. అక్కడా ఒక నియమం ఉంది. ఒంట్లో బాధల గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు, కాని మనిషికి మూడు నిమిషాలే. మా అమ్మమ్మ వాచీ చూస్తూ కూర్చుంటుంది.

"రాత్రంతా నడుము పట్టేసిందమ్మా. ఇటు తిరిగితే అటు గుంజుతుంది, అటు తిరిగితే ఇటు..." అని స్తంభం గారు మొదలుపెడతారు.

"మూడు నిమిషాలు పూర్తయ్యాయి. పొడిగించమంటారా?"

"నేనింకా మోకాలి దగ్గరికి రానే లేదు."

"మోకాలిని రేపటికి బుక్ చేసుకోవయ్యా. లైను ఖాళీ లేదు," అంటుంది అర్జెంటు.

ఆ బెంచీ ఆవిడకు ఏమిటో తెలియాలంటే బోర్డు ముందు గడిచిన ముప్పై నాలుగేళ్లు తెలియాలి. హెడ్‌ఫోను తీగ పొడవు నాలుగడుగులు. మంచినీళ్లకు లేవాలన్నా చెయ్యెత్తి, బదులు మనిషి వచ్చి కూర్చునేదాకా ఆగాలి. వీధి చప్పుడు లోపలికి రాకూడదని గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవారు. కొన్ని వందల ఊళ్లు ఆవిడ వేళ్ల కిందుగా పోయాయి. ఆవిడ మాత్రం కుర్చీలోనే ఉంది. ఎవరినీ అడగకుండా లేచి నడవడమన్నది రిటైరయ్యాకే ఆవిడకు అలవడింది.

ఈ ఏడాది వానాకాలంలో రెండు సంఘటనలు జరిగాయి. ఒక ఉదయం ఆవిడ వంటగది కుళాయి కట్టేయడం మరిచి బయటికి వెళ్లింది. కింది అంతస్తువాళ్ల పైకప్పు పెచ్చులు రాలిపోయాయి. పదిహేను రోజుల తర్వాత బస్సు దిగవలసిన చోటుకు ముందే దిగి, పొద్దుగూకాక గానీ ఇల్లు చేరలేదు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. కూతురికి నలభై ఆరేళ్లు, రక్తపరీక్షల ల్యాబులో పని. ఎనిమిదిన్నరకు వెళితే ఆరు దాటాక తిరిగి వస్తుంది. ఆమెను నేను పిన్నీ అని, తల్లిని అమ్మమ్మా అని పిలుస్తాను. పిన్ని మర్నాడే సెలవు పెట్టి తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

తేదీ, వారం, నూటిలోంచి ఏడు తీసేస్తూ పోవడం, గడియారం బొమ్మ గీయడం, ఇవన్నీ ఓ మాదిరిగా గట్టెక్కాయి. చివర్లో డాక్టరు గారు, రోజూ ఎవరిని కలుస్తారు, వాళ్ల పేర్లేమిటని అడిగారు. మూడు నిమిషాలు, స్తంభం అని చెప్పింది. ఆయన నవ్వి, ముద్దుపేర్లు సరే, అసలు పేర్లు చెప్పమన్నారు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, తెలియదంది. ఆయన సర్టిఫికెట్టులో రెండు వాక్యాలు రాశారు. నిత్యం కలిసే స్నేహితుల పేర్లు చెప్పలేకపోతున్నారన్నది మొదటిది. ఒంటరిగా బయటికి పంపడం మంచిది కాదన్నది రెండోది. ఆ రెండో వాక్యం మర్నాడు ఉదయానికి తాళమైంది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వీధి వైపు కిటికీకి ఊచలు, బట్టలారేసే బాల్కనీకి నిలువెత్తు జాలీ. ముందు చెక్క తలుపు, దాని బయట ఇనుప గ్రిల్లు, ఆ గ్రిల్లుకు తాళం. పదింటికి బెంచీ దగ్గర నుంచి ఫోన్ వస్తుంది. మా అమ్మమ్మ స్పీకరు పెట్టి, ఫోన్‌ను బెంచీ మీద అర్జెంటు కూర్చునే చోట నిలబెడుతుంది. లారీ హారన్లు, పరుపులు దించేవాళ్ల కేకలు, వాటి మధ్య రెండు గొంతులు. ఆవిడ మంచం అంచున కూర్చుని చెవికి ఫోన్ ఆనించుకుని వింటుంది. ఇతరుల మాటలను అంత శ్రద్ధగా వినే అలవాటు ఆవిడకు ఎలాగూ ఉంది. పది రోజులకు ఆవిడ మాట్లాడడం తగ్గిపోయింది. "లైనులో ఉన్నావా?" అని మా అమ్మమ్మ అడుగుతుంది. "ఉన్నాను, మీరు మాట్లాడుకోండి," అంటుంది.

అప్పటికి నేను న్యాయవాదిగా నమోదై ఏడు నెలలు. మా అమ్మమ్మ చెప్పిన మాట పూర్తిగా వినకుండానే కాగితాలు తీసుకుని బయలుదేరాను. ఆవిడ గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడ చెక్క తలుపు తీసి, లోపల స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యలో గ్రిల్లు.

"మూడు నిమిషాల మనవరాలివి కదూ. ఇలా చిక్కిపోయావేమే? కోర్టులో తిండి పెట్టరా?"

"అమ్మమ్మా, ఇది నేరం."

"తిండి పెట్టకపోవడమా?"

"మిమ్మల్ని ఇలా బంధించడం. ఒక మనిషిని ఆ మనిషి ఇష్టానికి విరుద్ధంగా తలుపు వేసి ఉంచే హక్కు ఎవరికీ లేదు. కన్నకూతురికైనా సరే. ఇంట్లో నిప్పంటుకుంటే ఎవరు తీస్తారు?"

"కింద వాచ్‌మన్ దగ్గర ఇంకో తాళంచెవి ఉందిలే. నిప్పంటుకుంటే ముందు అతన్ని నిద్ర లేపాలి, అంతే."

నోటీసు రెండు పేజీలు రాసి తెచ్చాను. గ్రిల్లు సందులోంచి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"భాష బావుంది. గట్టిగా ఉంది. ఎవరి మీద?"

"పిన్ని మీద."

కాగితాలను మడత చెడకుండా మడిచి, వచ్చిన సందులోంచే తిరిగి ఇచ్చింది.

"దానికి అయిదో ఏట వాళ్ల నాన్న పోయారమ్మా. చూసేవాళ్లు లేరు. బడి నుంచి వచ్చాక అన్నం పెట్టి, బయట తాళం వేసి సాయంత్రం డ్యూటీకి వెళ్లేదాన్ని. దానికి పన్నెండేళ్లు వచ్చేదాకా. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేదట, పక్కింటావిడ చెప్పేది. విని కూడా మర్నాడు మళ్లీ వేసేదాన్ని. భయం మరి. అప్పుడు నాకెవరైనా ఇంత మంచి భాషలో నోటీసు పంపి ఉంటే ఏం చేసి ఉండేదాన్నో."

"అప్పుడు పిన్ని చిన్నపిల్ల. మీరు వయసొచ్చిన మనిషి. చట్టం ముందు ఆ రెండూ ఒకటి కావు."

"కాకపోవచ్చు. వేసేవాళ్లకు భయం ఒకటే."

"అయితే మీకు బయటికి రావాలని లేదా?" అని కాస్త విసుగ్గానే అడిగాను.

ఆవిడ గ్రిల్లు ఊచకు అంటిన దుమ్మును కొంగుతో తుడిచింది. "నిన్న ఇదిగో ఈ సందులోంచి చెయ్యి పెట్టి తాళాన్ని పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. మీటరు రీడింగు రాసుకునే అతను మెట్లెక్కి వచ్చి, 'ఏం కావాలి పెద్దమ్మగారూ' అన్నాడు. సిగ్గేసిపోయింది. ఏం లేదు బాబూ, తుప్పు పట్టిందేమోనని చూస్తున్నా అన్నాను."

నోటీసు నా సంచీలోనే ఉండిపోయింది. ఆ ఆదివారం పిన్నితో మాట్లాడాను. వాదించడానికి నేను పోగుచేసుకున్న మాటలన్నీ పిన్ని ఒక్క మాటతో పక్కకు నెట్టేసింది: "నువ్వు చట్టం చదువుకున్నావు, సంతోషం. ఆ రోజు సాయంత్రం ఏడింటికి అమ్మ ఫొటో పట్టుకుని పోలీసు స్టేషను బయట నిలబడింది నేను." చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. డాక్టరు గారు మళ్లీ పరీక్షించి, ఒంటరిగా వెళ్లొచ్చని రాసిస్తే తాళం తీసేస్తుంది. పరీక్షకు రెండు వారాల గడువు.

సాక్షిని బోను ఎక్కించే ముందు తయారుచేసినట్టు ఆవిడను తయారుచేయడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం పిన్ని వచ్చాక వెళ్లేదాన్ని. తేదీ, వారం, తీసివేతలు. ముఖ్యంగా పేర్లు. మా అమ్మమ్మ తన పేరు ఒక చీటీ మీద రాసిచ్చింది. స్తంభం గారు చాలాసేపు మొండికేశారు. "ఇన్నేళ్లు అవసరం పడని పేరు ఇప్పుడెందుకమ్మా? ఇంటికి వచ్చే కరెంటు బిల్లు మీద తప్ప దానికి వేరే పని లేదు," అని, చివరికి ఆయనా రాశారు. ఆ పేర్లను ఇక్కడ రాయవద్దని ఇద్దరూ నా చేత మాట తీసుకున్నారు.

చీటీ చదివి అర్జెంటు చాలాసేపు నవ్వింది. "ఇంత పొడుగు పేరు స్తంభానికా! సంతకం చేసేసరికి కాగితం అయిపోదూ?"

మొదటి రోజు రెండు పేర్లూ తప్పు లేకుండా చెప్పింది. రెండో రోజు ఒకటి పోయింది. మూడో రోజు రెండూ పోయాయి. నాలుగో రోజు చీటీ చేతికిస్తే, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చదివి, స్తంభం పేరు పొడుగు మీద అదే హాస్యం, అవే మాటలతో మళ్లీ చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ సంగతి మా అమ్మమ్మకు చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మాకు తెలుసు. ఏడాదయింది."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలి? చెప్పిందే చెబుతుంది, మేం విన్నదే వింటాం. 'ఇందాకే చెప్పావు' అనే మాట బెంచీ దగ్గర అనకూడదని నేనూ స్తంభం అనుకున్నాం. అవతలి మనిషికి వినపడకపోతే మళ్లీ చెప్పమనేవాళ్లం కదే, ఇదీ అంతే. స్తంభానికి చెవుడు, నాకు పళ్లు లేవు, దానికి మతిమరుపు. ముగ్గురం కలిస్తే ఒక మనిషికి సరిపడా ఉన్నాం."

అప్పుడైనా నాకు తెలియవలసింది, తెలియలేదు. ఆవిడకు మతిమరుపు లేదని రుజువు చేయడమే నా పని అనుకున్నాను. పరీక్షకు ముందురోజు స్తంభం గారు చీటీని ఒక కళ్లజోడు పెట్టెలో మడిచి పెట్టి నాతో పంపి, "కళ్లు తుడుచుకుంటున్నట్టు పెట్టె తెరువమ్మా అర్జెంటమ్మా, పైనే ఉంటుంది," అని ఫోన్‌లో నేర్పిస్తుంటే, న్యాయవాదినై ఉండి కూడా వారించలేదు.

డాక్టరు గారి గదిలో బల్లకు ఇటువైపు ఆవిడ, పిన్ని, నేను. గోడవారగా మా అమ్మమ్మ, స్తంభం గారు. ప్రశ్నలు మొదలయ్యాయి. వారం సరిగ్గా చెప్పింది. తేదీ రెండు రోజులు తప్పింది. తీసివేతల్లో ఎనభై ఆరు దగ్గర ఆగింది. తర్వాత డాక్టరు గారు గోడ వైపు చూపించి అడిగారు.

"వీళ్లిద్దరూ మీ స్నేహితులే కదా. పేర్లు చెప్పండి."

ఆవిడ కళ్లజోడు పెట్టె తెరిచింది. చీటీ తీసింది. తనకు మాత్రమే కనబడేటట్టు పట్టుకోలేదు. విప్పి, చేత్తో సాపు చేసి, డాక్టరు గారి ముందు బల్ల మీద పెట్టింది.

"పేర్లు ఇందులో ఉన్నాయి డాక్టరు గారూ. పాపం రెండు వారాలు నేర్పించారు. నాకు నిలవడం లేదు. ఇది చూసి చెబితే మీరు ఒప్పుకునేవాళ్లేమో గానీ, అది సరికాదు."

గోడవార నుంచి మా అమ్మమ్మ గట్టిగా నిట్టూర్చింది.

"మా ఆఫీసులో పేర్లు పలకనిచ్చేవాళ్లు కాదు. కాబట్టి వాళ్ల పేర్లు తెలియకపోవడం మతిమరుపు కాదు. కానీ మతిమరుపు ఉంది. కుళాయి మరిచాను. పొద్దున చెప్పింది సాయంత్రం మళ్లీ చెబుతున్నానట, మా అమ్మాయి ముఖం చూస్తే తెలుస్తుంది. ఉంది కాబట్టి తాళం వేయాలా, అది చెప్పండి."

"తాళం వేయమని నేను రాయలేదమ్మా," అన్నారు డాక్టరు గారు.

"మరేం చేయమని రాశారు?" అని అడిగింది పిన్ని. గొంతు పెంచలేదు. "ఒంటరిగా పంపొద్దన్నారు. నేను ఉద్యోగం మానలేను. వీళ్లు మూడంతస్తులు ఎక్కలేరు. పగలంతా మైక్రోస్కోపులో చూస్తూ, ఈపాటికి ఏ రోడ్డు మీద ఉందో అనుకుంటూ, ఒకరి రక్తం ఇంకొకరి పేరున రాసేస్తానేమోనని భయపడ్డాను. తాళం వేసిన రోజు నుంచి ఆ భయం లేదు. తాళం వేసినందుకు నిద్ర పట్టడం లేదు, అది వేరే సంగతి."

డాక్టరు గారు కలం మూసేశారు. జ్ఞాపకం కిందటిసారి కంటే కొద్దిగా తగ్గిందని, ఇంకా తగ్గుతుందని చెప్పారు. ఎంత తగ్గిందో కొలవడం తన పనని, ఎంత మేరకు ధైర్యం చేయాలన్నది కొలిచి చెప్పే సాధనం తన దగ్గర లేదని అన్నారు. నేను కోరుకున్న కాగితం రాలేదు. నేను తప్పు కేసు వాదించాను. మరిచిపోయే మనిషికీ వీధిలో నడిచే హక్కు ఉందన్న మాట ఆవిడే నాకంటే ముందు, నాకంటే తక్కువ మాటల్లో చెప్పేసింది.

బయట వరండాలో పిన్ని తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ అంది: "సోమవారం ఒక్కరోజు. చూద్దాం."

సోమవారం పదికి ముందే నేను బెంచీ దగ్గర ఉన్నాను. ఇంటి నుంచి అక్కడికి ఆవిడ నడకలో ఇరవై నిమిషాలు. పది అయింది. పదింబావు అయింది. ఫోన్ మోగుతోంది, తీయడం లేదు. నేను లేచాను. స్తంభం గారు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"నువ్వెళ్లి వెతికి తెస్తే ఆవిడ తప్పిపోయినట్టు లెక్క. తనంతట తాను వస్తే ఆలస్యమైనట్టు లెక్క. కూర్చో."

పదిన్నరకు మా అమ్మమ్మ పిన్ని నంబరు తీసి, నొక్కకుండా చేతిలో పెట్టుకుంది. మా అమ్మమ్మ అంతసేపు మౌనంగా ఉండడం నేనెన్నడూ చూడలేదు.

పదకొండుకు పది నిమిషాలు ఉందనగా వీధి మలుపులో ఆవిడ కనబడింది. మామూలుగా వచ్చే వైపు నుంచి కాదు, దానికి ఎదురు వైపు నుంచి. ముఖమంతా చెమట. చీర కుచ్చిళ్లకు సున్నం మరక. బెంచీ దాకా వచ్చి నిలబడింది. ఏమైందని ఎవరూ అడగలేదు.

"ఏమే అర్జెంటూ, ఇవాళ మామూలు వరుసలో వచ్చినట్టున్నావు," అంది మా అమ్మమ్మ.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, కూర్చున్నాక కూడా ఆపలేకపోయింది. కాసేపటికి చెప్పింది. మలుపు తిరగవలసిన మందుల షాపుకు ముందే ఇంకొక మందుల షాపు కొత్తగా తెరిచారు. దాన్ని పాతదనుకుని తిరిగింది. తెలియని సందులోకి వచ్చాక ఫోన్ మోగింది. ఏది నొక్కాలో తోచలేదు. ఇస్త్రీ బండి అతన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఎటని అడిగింది. అలాంటిదేదీ ఈ చుట్టుపక్కల లేదన్నాడతను. "అప్పుడు భయమేసింది. నేను మరిచిపోవడం కాదు, ఊరే మరిచిపోయిందనుకున్నా. కాసేపు ఆ బండి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డా. పరుపుల కొట్టు సంగతి తట్టాక అది అడిగా. చెప్పాడు."

"ఇంట్లో చెప్పకు," అంది మా అమ్మమ్మ.

"పదింటికల్లా వచ్చావని మేం సాక్ష్యం చెబుతాం. ప్లీడరు కూడా మన వైపే," అన్నారు స్తంభం గారు. నేను కాదనలేదు. ఒక్క రోజు కోసం ఇంత పోరాడి, ఆ ఒక్క రోజును మా చేతులతో మేమే పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదు.

సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. తేడా వస్తే వాదించాలని వెళ్లాను. వాదించే అవసరం రాలేదు. పిన్ని లోపలికి వచ్చి, సంచీ భుజాన ఉండగానే అడిగింది.

"ఎలా జరిగింది?"

"దారి తప్పాను."

పిన్ని సంచీ దించలేదు. "ఎంతసేపు?"

"ముప్పావుగంట."

"ఫోన్ ఎందుకు చేయలేదు?"

"మొదట ఏది నొక్కాలో తోచలేదు. తర్వాత తోచింది గానీ, చేస్తే నువ్వొచ్చి తాళం వేస్తావని చేయలేదు."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు? చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"రేపు కూడా తప్పొచ్చు. నీకు తెలిసి తప్పితే నాకు ధైర్యంగా ఉంటుంది."

పిన్ని సంచీ కుర్చీలో పెట్టి, తానూ దాని పక్కనే ఇరుక్కుని కూర్చుంది. తల్లి చీర అంచున ఉన్న సున్నం మరకను చూసింది. "తప్పినప్పుడు ఫోన్ చేయాలి. చేస్తే తాళం వేయను," అంది.

"సరే."

"పన్నెండుకల్లా ఇంట్లో ఉండాలి."

"పన్నెండున్నర."

"అమ్మా."

"స్తంభం తన నడుము సంగతి పన్నెండింటికి గానీ తేల్చడే. నేను మధ్యలో లేస్తే బావుండదు."

"పన్నెండుంబావు. ఇక అడక్కు. బస్సు ఎక్కకూడదు. వాన పడే రోజు మాత్రం తాళం వేసే వెళతాను. ఆ విషయంలో ఎవరు చెప్పినా వినను." చివరి మాట నా వైపు చూస్తూ అంది.

ఆవిడ లేచి, మెల్లగా కిటికీ దాకా నడిచి, ఊచల్లోంచి ఆకాశం వైపు చూసింది. ఈ నెలంతా రోజు విడిచి రోజు వాన పడుతూనే ఉంది.

"ఎంత వాన?" అని అడిగింది.